కాలిన చోట పేస్ట్ కాదు, నీళ్లు పోయండి

ప్రశ్న: మాది కర్నూలు. బాబుకు ఏడేళ్లు. పోయిన దీపావళికి ఎవరో కాల్చి పారేసిన కాకరపువ్వొత్తి తీగ తొక్కి అరికాలు కాల్చుకున్నాడు. మా అత్త వెంటనే టూత్‌పేస్ట్ పూసింది. పుండు పడి మానడానికి చాలా రోజులు పట్టింది. మామకు ఆస్తమా. మా వీధిలో అర్ధరాత్రి దాకా బాంబులు పేలుస్తూనే ఉంటారు. ఈసారి బాబును కాల్చనివ్వాలా వద్దా అని ఇప్పటినుంచే టెన్షన్‌గా ఉంది. టపాసులకు రూల్స్ ఏమైనా ఉన్నాయా డాక్టర్ గారూ?

జవాబు: బాబును పండక్కి దూరం పెట్టకండమ్మా. పెద్దవాళ్లు ఒకరు పక్కనే నిలబడి, నీళ్ల బకెట్ ముందే పెట్టుకుని కాల్పించండి. చిచ్చుబుడ్డికి అందరూ భయపడతారు గానీ, కాకరపువ్వొత్తిని మాత్రం చిన్నపిల్లలదని చేతికిచ్చేస్తారు. అది వెయ్యి డిగ్రీల దాకా వేడెక్కుతుంది. వెలుగు ఆరిపోయాక కూడా తీగ కాసేపు చర్మం కాలేంత వేడిగానే ఉంటుంది, పైగా చీకట్లో కనబడదు. అందుకే కాల్చిన ప్రతి తీగా బకెట్లోనే పడాలి. బాబుకు బూట్లు, ఒంటికి సరిపోయే నూలు బట్టలు వేయండి.

పేస్ట్ పూస్తే చల్లగా అనిపిస్తుంది, అంతే. చర్మం లోపలి వేడి తగ్గదు. పైగా అది ఎండి అతుక్కుంటే, ఎంత లోతుగా కాలిందో చూడటానికి మేం దాన్ని కడిగి తీయాలి. అప్పుడు పిల్లలు పెట్టే ఏడుపు చూడలేం. ఇంకు, పసుపు, వెన్న కూడా అంతే. ఐసు అసలు పెట్టకూడదు, కాలిన చర్మం ఇంకా దెబ్బతింటుంది. మీ అత్తగారు మనవడి మీద ప్రేమతోనే పూశారు, ఆమెను ఏమీ అనకండి. ఈ విషయం మాత్రం పండక్కి ముందే నెమ్మదిగా చెప్పండి.

కాలగానే కొళాయి కింద 20 నిమిషాలు పెట్టండి. గడియారం చూడండి, ఎందుకంటే రెండు నిమిషాలకే పిల్లలు కాలు లాక్కుంటారు, పెద్దవాళ్లు ఇక చాల్లే అంటారు. కొళాయి రాని పూటైతే బిందెలో నీళ్లు ఉంచుకుని చెంబుతో పోస్తూ ఉండండి. వాపు రాకముందే పట్టీలు, కడియాలు, ఉంగరాలు తీసేయండి. బట్ట అతుక్కుంటే లాగొద్దు, బొబ్బలు చిదమొద్దు. తర్వాత శుభ్రమైన గుడ్డ వదులుగా కప్పండి. ముఖం, చేతులు, పాదాలు కాలినా, గాయం బాబు అరచేయి కంటే పెద్దదైనా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. టీటీ ఇంజెక్షన్ సంగతి అక్కడే అడగండి.

కంటికి దెబ్బ తగిలితే నలపొద్దు, నొక్కొద్దు, ఇంట్లో ఉన్న చుక్కలు వేయొద్దు. కంటి మీద ఒత్తిడి పడకుండా పేపర్ కప్పు బోర్లించి, మన ఊళ్లోనే ఉన్న ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రికి వెంటనే వెళ్లండి. పైపులో కార్బైడ్ వేసి పేల్చే తుపాకీ మాత్రం బాబు చేతికి రానివ్వకండి. 2025 దీపావళికి మధ్యప్రదేశ్‌లో వాటివల్ల ఎందరో పిల్లల కళ్లు దెబ్బతిన్నాయి. పేలని టపాసు మీదికి వంగి చూడటం కూడా అలాంటి ప్రమాదమే. దూరం నుంచే నీళ్లు పోసి వదిలేయండి.

రూల్స్ ఉన్నాయి. 2018లో సుప్రీంకోర్టు దీపావళి రోజు రెండు గంటలే కాల్చాలని చెప్పింది, అదీ రాత్రి 8 నుంచి 10 మధ్య. దక్షిణాది రాష్ట్రాలు ఆ రెండు గంటలను మార్చుకోవచ్చని తర్వాత సడలించింది కాబట్టి, ఏ ఏడాదికా ఏడాది మన అధికారులు ప్రకటించే సమయం పేపర్లో చూసుకోండి. వరసగా పేలే సరాలు, బేరియం కలిపిన టపాసులు నిషేధం. ఆసుపత్రులు, స్కూళ్ల చుట్టూ 100 మీటర్ల లోపు కాల్చకూడదు. లైసెన్సు ఉన్న దుకాణంలో గ్రీన్ క్రాకర్స్ అని ముద్ర ఉన్నవే కొనండి. వాటిలోనూ పొగ ఉంటుంది, కాకపోతే తక్కువ. అర్ధరాత్రి బాంబుల గురించి 112కు ఫోన్ చేయడానికి మొహమాటపడకండి, ఇంట్లో ఆస్తమా ఉన్న మనిషి ఉన్నారు.

ఆయన రోజూ వాడే ఇన్‌హేలర్ ఒక్క పూట కూడా మానకూడదు. సాయంత్రం నుంచి కిటికీలు మూసి లోపలి గదిలో ఉండమనండి. అగరుబత్తి కూడా అక్కడ వద్దు. బయటికి రావాల్సి వస్తే ఎన్95 మాస్క్ పెట్టాలి, తడిగుడ్డ సన్నటి పొగను ఆపదు. ఇంట్లో ఇంకేం కాల్చినా పాము బిళ్లలు మాత్రం కొనకండి, చూడ్డానికి చిన్నవే గానీ వాటి పొగ చాలా ఘాటు. ఆయాసానికి వాడే ఇన్‌హేలర్ జేబులోనే ఉండాలి. అది పీల్చినా ఆయాసం తగ్గక, ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోతున్నా, పెదాలు నీలంగా మారుతున్నా తెల్లారేదాకా చూడకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి.