నాయనమ్మతో "తిన్నాను పో" అన్నాడు

ప్రశ్న: టీచర్ గారూ, మావారి ఉద్యోగం వల్ల ఆరేళ్లుగా మనీలాలో ఉంటున్నాం. మా బాబు ఎనిమిదో గ్రేడ్. ఇంగ్లిష్, ఫిలిపినో కలిపి మాట్లాడతాడు, ఒక్క వాక్యం కూడా ఒకే భాషలో పూర్తిచేయడు. క్లాసులో ఫిలిపినో మాట దొర్లితే మాటకు 5 పెసోలు ఫైన్. ఫిలిపినో సబ్జెక్టులో చూస్తేనేమో మార్కులు తక్కువ. మొన్న తెనాలి నుంచి మా అత్తయ్యగారు ఫోన్లో "అన్నం తిన్నావా నాన్నా?" అనడిగితే "తిన్నాను పో" అన్నాడు. ఆవిడ చాలా నొచ్చుకున్నారు. వీడికి ఏ భాషా సరిగ్గా రాదేమోనని టెన్షన్‌గా ఉంది. ఇంట్లో కూడా ఇంగ్లిషే మాట్లాడించమంటారా?
- ఒక పాఠకురాలు, మనీలా

జవాబు: ముందు మీ అత్తయ్యగారికి ఫోన్ చేయండమ్మా. ఆ "పో" పొమ్మనడం కాదు. ఫిలిపినోలో పెద్దవాళ్లతో మాట్లాడేటప్పుడు చేర్చే మర్యాద మాట అది, మన "అండి" లాంటిది. మీవాడు నాయనమ్మతో "తిన్నానండి" అన్నాడు.

నేను మనీలా పక్కనున్న మరికీనాలో పదకొండేళ్లు హైస్కూలు పిల్లలకు సైన్స్ చెప్పాను. అక్కడ 1974లో పెట్టిన విధానం ప్రకారం సైన్స్, లెక్కలు ఇంగ్లిష్‌లో చెప్పాలి, సోషల్ ఫిలిపినోలో చెప్పాలి. అంటే బెల్లు కొట్టినప్పుడల్లా పిల్లలు భాష మార్చాలి. పాఠంలోని మాటలు ఇంగ్లిష్‌లో వస్తాయి, పక్కవాడికి దాన్ని వివరించడం ఫిలిపినోలో జరుగుతుంది. ఈ రెండూ కలవకపోతేనే ఆశ్చర్యపోవాలి.

పైగా ఆ కలపడానికి ఒక పద్ధతి ఉంది. మనం "టెక్స్ట్ చేశాను" అని పక్కన "చేయు" పెట్టుకుంటాం. వాళ్లు ఇంగ్లిష్ మాటకే తమ వ్యాకరణం తొడుగుతారు. "నగ్-టెక్స్ట్" అంటే టెక్స్ట్ చేశాడు, "నగ్-టె-టెక్స్ట్" అంటే చేస్తున్నాడు, "మగ్-టె-టెక్స్ట్" అంటే చేస్తాడు. ఆ "టె" రెండుసార్లు ఎక్కడ పలకాలో తెలియాలంటే ఫిలిపినో క్రియలు వచ్చి ఉండాలి. మీ బాబు వీటిని తడుముకోకుండా అంటున్నాడంటే ఆ భాష వాడికి బాగానే పట్టుబడింది. మార్కులు తగ్గడానికి కారణం వేరే ఉండొచ్చు. పరీక్షలో రాయాల్సింది పుస్తకాల ఫిలిపినో, స్నేహితులతో మాట్లాడేది వేరు. రాత్రి టీవీలో ఫిలిపినో వార్తలు వాడితో కలిసి చూడండి, రోజుకో అరపేజీ రాయించండి.

ఇక ఫైన్ సంగతి. నేనూ ఒక ఏడాది నా క్లాసులో డబ్బా పెట్టాను, మాటకు ఒక పెసో. ఎనిమిదో గ్రేడ్ పిల్లలకు జడత్వం పాఠం చెబుతున్నాను. అంతకుముందు బ్యాచ్‌లో ఇదే పాఠంలో బ్రేకేస్తే ముందుకెందుకు తూలతామని అడిగితే ఒకమ్మాయి లేచి, "కసీ మేమ్, నగ్-స్టాప్ పో యుంగ్ జీప్, పెరో యుంగ్ కతవాన్ నాతిన్, గుమాగలావ్ పా రిన్" అంది. జీప్ ఆగింది మేడమ్, కానీ మన ఒళ్లు ఇంకా కదులుతూనే ఉంది అని. చెబుతూనే సడన్ బ్రేక్ పడ్డట్టు ముందుకు తూలి చూపించింది. రోజూ జీప్నీలో, అంటే అక్కడి షేర్ జీపులో, బడికొచ్చే పిల్ల. డబ్బా పెట్టిన ఏడాది అదే ప్రశ్నకు వచ్చిన జవాబు "బికాజ్ ఆఫ్ ఇనర్షియా, మేమ్." అంతే, కూర్చుండిపోయారు. తప్పు లేదు. కానీ వాళ్లకు అర్థమైందో లేదో నాకు తెలియలేదు. ఎప్పుడూ ప్రశ్నలడిగే ఒకబ్బాయి అసలు చెయ్యెత్తడమే మానేశాడు. ఆ డబ్బా తీసేయడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలలు తలచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

అందుకే ఇంట్లో ఇంగ్లిష్ ఒక్కటే అనే నియమం వద్దమ్మా. ఫైన్ గురించి రిపోర్ట్ కార్డులిచ్చే రోజు క్లాస్ అడ్వైజర్‌తో మీరే మాట్లాడండి. గొడవగా కాదు, మావాడు ప్రశ్న అడగడానికి భయపడుతున్నాడని చెప్పండి.

మీ భయంలో నిజం అసలు లేదని మాత్రం అనను. ఫిలిపీన్స్ భాషాశాస్త్రవేత్త మరియా లూర్డెస్ బౌతిస్టా ఈ కలగలుపులో రెండు రకాలు చూపించారు. రెండు భాషలూ బాగా వచ్చి, ఏ మాట చప్పున అందితే అది వాడడం ఒకటి. ఒక భాషలో మాట దొరక్క రెండోదాన్ని పట్టుకోవడం ఇంకొకటి. మీవాడిది ఏదో కనిపెట్టడం కష్టం కాదు. బళ్లో జరిగిన ఒక సంగతిని ఈరోజు ఇంగ్లిష్‌లోనే చెప్పమనండి, రేపు అదే సంగతి ఫిలిపినోలో. మీకు ఫిలిపినో అంతగా రాకపోతే పక్కింటివాళ్లకు చెప్పమనండి. రెండింట్లోనూ చెప్పగలిగితే స్నేహితులతో ఎలా మాట్లాడినా వదిలేయండి.

నాకు బెంగ వాడి తెలుగు గురించే. ఇంగ్లిష్‌కీ ఫిలిపినోకీ బడి ఉంది. తెలుగుకు మీరూ, తెనాలి ఫోనూ తప్ప ఎవరూ లేరు. ఈ ఆదివారం నాయనమ్మకు "పో" అంటే ఏమిటో వాడిచేతే చెప్పించండి. తర్వాత బ్రేకేస్తే మనం ముందుకెందుకు తూలతామో తెలుగులో చెప్పమనండి, జీప్నీ బదులు తెనాలి ఆటో పెట్టుకుని. వాడు మాట దొరక్క ఆగినచోట ఆ మాట అందించండి, మిగతాదంతా వాణ్నే చెప్పనివ్వండి.