పనిమనిషికి నెలరోజులుగా దగ్గు... మా పిల్లలకు అంటుతుందా?

ప్రశ్న: మాది విశాఖ ఎంవీపీ కాలనీ. మా ఇంట్లో పనిచేసే ఆమె ఆరిలోవ నుంచి వస్తుంది. నెలరోజులుగా దగ్గుతోంది. సాయంత్రమైతే జ్వరం తగులుతోందట, మనిషి చిక్కిపోయింది. మా దగ్గర మిగిలిన లివోఫ్లాక్సాసిన్ (యాంటీబయాటిక్) మాత్రలు ఐదు రోజులు వేయించాం. కాస్త తగ్గి మళ్లీ మొదలైంది. టీ గ్లాసు వేరే పెట్టాం. మాకు ఇద్దరు చిన్నపిల్లలు. వాళ్లకు బీసీజీ (టీబీ టీకా) మళ్లీ వేయించాలా? ఆమెను మాన్పించేయమంటారా?
– ఒక పాఠకురాలు

సలహా: ముందు ఆ మాత్రల సంగతి. మంచి మనసుతోనే ఇచ్చి ఉంటారు, కానీ ఇవ్వకూడదమ్మా. లివోఫ్లాక్సాసిన్ టీబీ క్రిమి మీద కూడా కొంత పనిచేస్తుంది. అందుకే తగ్గినట్టే ఉండి తిరగబెడుతుంది. ఈలోగా కళ్లె పరీక్షలో క్రిమి దొరక్కుండా పోవచ్చు. పైగా ఇది మామూలు మందులకు లొంగని మొండి టీబీకి వాడే మందు. నాలుగు మాత్రలు మింగి ఆపేస్తే రేపు అవసరానికి అది పనిచేయకపోవచ్చు. మందుల షాపులో అడిగి తెచ్చుకున్నా, పక్కింటివాళ్లు ఇచ్చినా జరిగేది ఇదే. నా దగ్గరికి ఆలస్యంగా వచ్చేవాళ్లలో చాలామంది ఇలా రెండు మూడు కోర్సులు మింగినవాళ్లే.

ఆమెను చూడకుండా టీబీ అని నేను చెప్పలేను. కానీ రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉన్నాయంటే పరీక్ష వాయిదా వేయకూడదు. పెదవాల్తేరు ఛాతీ ఆసుపత్రిలో గానీ, వాళ్ల దగ్గర్లోని పట్టణ ఆరోగ్య కేంద్రంలో గానీ కళ్లె పరీక్షకు, మందులకు డబ్బు తీసుకోరు. మీరిచ్చిన మాత్రల పేరు చీటీ మీద రాసి పంపండి. పరీక్షకు ఇచ్చే డబ్బాలో ఉమ్మి కాదు, లోపల్నుంచి దగ్గి తీసిన కళ్లె పడాలి.

పరీక్ష ఉచితమే అయినా ఆమె ఎందుకు వెళ్లలేదో ఆలోచించారా? ఓపీ ఉండేది పొద్దున, మీ ఇంట్లో అంట్లు తోమే వేళకే. ఒక పూట మానితే జీతంలో కోత. టీబీ అని తెలిస్తే అన్ని ఇళ్లవాళ్లూ మాన్పిస్తారని భయం. మాన్పిస్తే దగ్గు దాచుకుని ఇంకో ఇంట్లో చేరుతుంది, అంతే తేడా. జీతం కొయ్యకుండా సెలవివ్వండి. టీబీ అని తేలితే మందులు మొదలెట్టాక సాధారణంగా రెండు మూడు వారాల్లో అంటించే గుణం బాగా తగ్గుతుంది. ఎప్పుడు పనిలోకి రావాలో అక్కడి డాక్టరు చెబుతారు. కోర్సు మాత్రం ఆరు నెలలు, మధ్యలో ఆపకూడదు. చికిత్స సాగినన్నాళ్లూ తిండి కోసం ప్రభుత్వం నెలకు 1000 రూపాయలు బ్యాంకు ఖాతాలో వేస్తుంది. 2024 నవంబరు ముందు అది 500.

గ్లాసు వేరే పెట్టడం వల్ల లాభం లేదు. టీబీ గాలి ద్వారా వస్తుంది, ఎంగిలి ద్వారా కాదు. ఏసీ ఆపి కిటికీలు తీయండి, ఆమెకు మాస్కు ఇవ్వండి. బీసీజీ మళ్లీ వేయించనక్కర్లేదు. ఆమెకు టీబీ ఉందని తేలితే మీ పిల్లలను ఒకసారి పిల్లల డాక్టరుకు చూపించండి. అయితే నా టెన్షన్ ఆమె ఇంట్లోవాళ్ల గురించే. ఒకే గదిలో పడుకునేవాళ్లకు, సరిగా తిండిలేని ఒంటికి ఈ జబ్బు తొందరగా అంటుతుంది. వాళ్లందరినీ పరీక్షించి, జబ్బు లేదంటే ముందుజాగ్రత్త మందు ఇస్తారు. ఐదేళ్లలోపు పిల్లలుంటే అస్సలు ఆగొద్దు. కళ్లెలో రక్తం పడినా, ఆయాసం వచ్చినా ఓపీ కోసం చూడకుండా నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.