నాగోలు రిపీటర్ గురించి మేనకోడలికి

అమ్మాయ్,

నీ మెసేజ్ చూశాను. నాగోలులో అయిదంతస్తుల అపార్ట్‌మెంట్ పైన హ్యామ్ రేడియో వాళ్ల కోసం టూ మీటర్ బ్యాండ్ రిపీటర్ పెడుతున్నామని, 50 వాట్ల సెట్ దొరికిందని, ఇంక యాంటెన్నా ఎక్కించడమే మిగిలిందని రాశావు. సంతోషం. కానీ ఆ మెసేజ్‌లో వాట్లు అనే మాట నాలుగుసార్లు వచ్చింది, రిసీవర్ అనే మాట ఒక్కసారీ రాలేదు. అందుకే ఫోన్‌లో తేల్చేయకుండా కూర్చుని రాస్తున్నాను.

రిపీటర్ అంటే బలహీనమైన సిగ్నల్‌ను విని, ఇంకో ఫ్రీక్వెన్సీలో బలంగా తిరిగి పలికే స్టేషన్. దానికి అసలు పని వినడం. సైనిక్‌పురిలో ఎవరో మేడమీద నిలబడి 5 వాట్ల హ్యాండీతో, అంటే చేతిలో పట్టే సెట్‌తో, పిలిస్తే అది వినాలి. దాని గొంతు ఊరంతా పలికి, ఊళ్లోవాళ్ల గొంతు దానికి చేరకపోతే జనం పిలిచి పిలిచి విసిగిపోయి సెట్ కట్టేస్తారు. మేం పెట్టిన మొదటి రిపీటర్ అచ్చంగా ఇదే బాపతు. ఘట్‌కేసర్ దాకా ఖంగుమని వినపడేది. తార్నాకలో ఉన్న నా హ్యాండీని మాత్రం పట్టించుకునేది కాదు. ఆర్నెల్లపాటు తప్పు హ్యాండీదే అనుకుని, బ్యాటరీ ఒకసారి, యాంటెన్నా రెండుసార్లు మార్చాను.

సంగతేమిటంటే, రిపీటర్ ఒకే సమయంలో వింటూ మాట్లాడుతుంది. 145.100 మెగాహెర్ట్జ్‌లో విన్నది 145.700లో పలుకుతుందనుకో. మధ్య తేడా 600 కిలోహెర్ట్జ్ మాత్రమే. ఒక పక్క 25 వాట్ల ట్రాన్స్‌మిటర్ అరుస్తుంటే, అదే యాంటెన్నా మీద మైక్రోవోల్టులో అయిదో వంతు సిగ్నల్‌ను రిసీవర్ పట్టుకోవాలి. బోనాల డప్పుల మధ్య నిలబడి చెవిలో చెప్పిన రహస్యం వినడం లాంటిది. ఆ డప్పులకూ చెవికీ మధ్య గోడ కట్టేదే డూప్లెక్సర్. ఆ పొడుగాటి డబ్బాలు దాదాపు 80, 90 డెసిబెల్స్ అడ్డు వేస్తేగానీ పని జరగదు. మీ దగ్గర డబ్బు ఎంతుందో నాకు తెలియదు గానీ, దాంట్లో పెద్ద వాటా ఈ డబ్బాలకూ కేబుల్‌కూ పోవాలి. సెట్‌ది ఆ తర్వాతి మాట.

డూప్లెక్సర్ స్క్రూలు సరదాకి తిప్పకండి. మీ కుర్రాడెవరో నానో వీఎన్ఏ (ఫిల్టర్లూ యాంటెన్నాలూ కొలిచే చిన్న మీటరు) కొన్నాడన్నావు, మంచిదే. కానీ అది చూడగలిగేది 70 డెసిబెల్స్ దాకానే. 90 డెసిబెల్స్ లోతున్న గుంటను దాంతో చూస్తే అడుగు కనపడదు, గడ్డి పరకల్లా గీతలు కనపడతాయి. ఒక్కో డబ్బా విడిగా సరిచేసి, ఆ తర్వాత కలపండి.

ఇప్పుడు చెప్పేది మాత్రం తప్పకుండా చేయండి. యాంటెన్నా తీసి, దాని బదులు పవర్‌ను గాల్లోకి పంపకుండా తనలోనే మింగేసే డమ్మీ లోడ్ పెట్టండి. రిసీవర్‌కు బాగా బలహీనమైన సిగ్నల్ ఇవ్వండి, గరగర మధ్య మాట అందీ అందనట్టుండాలి. ఆపైన ట్రాన్స్‌మిటర్‌ను ఆన్ చేస్తూ ఆఫ్ చేస్తూ వినండి. ఆన్ చేయగానే మాట మునిగిపోతే డూప్లెక్సర్‌దో, లోపల పెట్టెలను కలిపే పొట్టి కేబుళ్లదో (జంపర్లు) తప్పు. ఇక్కడ తేడా లేకుండా ఉండి, యాంటెన్నా తగిలించాక మునిగితే తప్పు మేడమీద ఉన్నట్టు. కేబుల్, కనెక్టర్, చుట్టుపక్కల తుప్పు పట్టిన ఇనుము, ఏదైనా కావచ్చు. తుప్పు అంటే నవ్వకు. మా దగ్గర దొంగ ఒక పాత టీవీ యాంటెన్నా గొట్టం. దాని బోల్టు తుప్పు పట్టి చిన్న డయోడ్‌లా పనిచేస్తూ మా సిగ్నల్‌నే చెడగొట్టి తిరిగి మాకే పంపేది. ఊడదీసి పాత సామాన్ల వాడికి ఇచ్చేశాం. ఆ సాయంత్రమే తార్నాక హ్యాండీ పలికింది.

కేబుల్ దగ్గర పిసినారితనం పనికిరాదు. సన్నటి ఆర్‌జీ-58 ముప్పై మీటర్లు వేస్తే ఈ ఫ్రీక్వెన్సీలో నాలుగింట మూడొంతులు దారిలోనే పోతుంది, పైకి వెళ్లేదీ, కిందికి వచ్చేదీ కూడా. ఆర్‌జీ-213 అయితే సగానికి కాస్త పైన మిగులుతుంది. అర అంగుళం హీలియాక్స్ (నష్టం తక్కువుండే మందపాటి కేబుల్) దొరికితే, సెకండ్ హ్యాండ్‌దైనా సరే, కళ్లకద్దుకుని తెచ్చుకో. ఇంకో మెలిక ఉంది: లోపల అల్యూమినియం రేకు, పైన రాగి జాలీ ఉండే కేబుల్ మామూలు స్టేషన్లకు బాగానే ఉంటుంది గానీ, రిపీటర్‌లో వాడొద్దు. గాలికి ఊగి రేకూ జాలీ ఒరుసుకుంటే చిటపటలు మొదలవుతాయి. జంపర్లకు రెండు పొరల జాలీ ఉన్న ఆర్‌జీ-214 వెయ్యి.

ఇక ఆ 50 వాట్లు. 25కి తగ్గించు. తేడా 3 డెసిబెల్స్, అవతలివాడి మీటర్ మీద అర గీత. ఎవరికీ తెలియదు. సెట్‌కు మాత్రం తెలుస్తుంది. కార్లో పెట్టే సెట్ కాసేపు మాట్లాడి కాసేపు వినడానికి తయారైంది. నెట్, అంటే అందరూ వంతులవారీగా రేడియోలో కలిసే సభ, నడిచే గంటసేపు ఏకబిగిన పలకాలంటే, అదీ మే నెలలో రేకుల గదిలో, ఫైనల్ ట్రాన్సిస్టర్ కాలిపోతుంది. వెనక ఒక ఫ్యాన్ పెట్టి, ఎవరైనా ఏకబిగిన మూడు నిమిషాలు దాటితే దానంతట అదే ఆగేలా టైమ్ అవుట్ పెట్టు. మాట ఆపని పెద్దమనుషులు ప్రతి ఊళ్లోనూ ఉంటారు, నాతో సహా. లిఫ్ట్ మోటారు, ఎల్ఈడీ లైట్ల రొదకు స్క్వెల్చ్ (సిగ్నల్ లేనప్పుడు గరగరను మూసి ఉంచే తలుపు) తెరుచుకోకుండా, మన సెట్లు మాటతో పాటు పంపే 88.5 హెర్ట్జ్ లాంటి టోన్ ఒకటి పెట్టండి.

ఎత్తు గురించి అడిగావు. 25 మీటర్ల మీద రేడియో చూపు సుమారు 20 కిలోమీటర్లు. దాన్ని రెట్టింపు చేయాలంటే ఎత్తు నాలుగు రెట్లు కావాలి, అంటే 100 మీటర్లు. అందుకని ఇంకో మూడు మీటర్ల పైపు కోసం ప్రాణాల మీదికి తెచ్చుకోకండి. మౌలాలి గుట్ట మీకు సరిగ్గా ఉత్తరాన ఉంటుంది, దాని వెనక నీడ పడొచ్చు. మ్యాప్ చూసి ఊహించే కంటే ఒక ఆదివారం బండి మీద అటు తిరిగి రా.

ఎర్తింగ్ దగ్గర మన ఊరి రాయి చుక్కలు చూపిస్తుంది. అడుగు లోతు తవ్వితే గ్రానైట్. పొడుగాటి రాడ్ ఒకటి దిగదు. పొట్టి రాడ్లు మూడు నాలుగు దూరదూరంగా దింపి, జీఐ పట్టీతో కలిపి, దాన్ని బిల్డింగ్ ఎర్త్‌కు కూడా కలపాలి. విడివిడిగా వదిలేస్తే పిడుగు పడినప్పుడు రెండు ఎర్తుల మధ్య వోల్టేజీ తేడా మీ సెట్ గుండా పోతుంది. వేసవిలో ఆ గుంటల్లో నీళ్లు పోసే పని ఎవరిదో ఇప్పుడే తేల్చుకోండి.

బ్యాటరీ సంగతి నా తప్పు మీదే చెబుతాను. 2020 అక్టోబరులో కాలనీలు మునిగి కరెంటు పోయిన రాత్రి, మా రిపీటర్ మూడో గంటకు ఆగిపోయింది. 100 ఆంపియర్ అవర్ ట్యూబులర్ బ్యాటరీ, లెక్క ప్రకారం తెల్లారేదాకా లాగాలి. మూత తీసి చూస్తే ప్లేట్లు తేలి ఉన్నాయి. డిస్టిల్డ్ వాటర్ పోసే వంతు నాది. ఆ ఏడాది ఎవరూ మేడెక్కలేదని సాకు చెప్పొచ్చు గానీ, చెప్పను. మూడు నెలలకోసారి కరెంటు తీసేసి ఒక సాయంత్రం నెట్ మొత్తం బ్యాటరీ మీదే నడపండి. నిజం బయటపడుతుంది.

రేడియో లైసెన్సులిచ్చే కేంద్ర ప్రభుత్వ విభాగం డబ్ల్యూపీసీ అనుమతి చేతికి రాకముందు యాంటెన్నాకు పవర్ ఇవ్వొద్దు. ఫ్రీక్వెన్సీ జత ఎంచుకునే ముందు మన ఊళ్లోని హ్యామ్ సంస్థలు ఎన్ఐఏఆర్‌లోనూ లామకాన్ క్లబ్‌లోనూ పాతవాళ్లను అడుగు. ఇంతకంటే కష్టమైన అనుమతి అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌ది. ప్రెసిడెంట్ మారితే మాట మారుతుంది కాబట్టి కాగితం మీద రాయించుకో. వాచ్‌మన్‌కు ఆ పెట్టె ఏమిటో ఓపికగా చెప్పు, ఒకసారి హ్యాండీలో రిపీటర్ గొంతు అతనికి వినిపించు, పీటీటీ (మాట్లాడేటప్పుడు నొక్కే బటన్) మాత్రం చేతికివ్వకు. ఎంసీబీ పక్కన తెలుగులోనూ హిందీలోనూ "ఆపొద్దు" అని రాసి అంటించండి. రంగులు వేసేవాళ్లు మా ప్లగ్ పీకి వాళ్ల లైటు పెట్టుకుంటే, నాలుగు రోజులు మేం డూప్లెక్సర్‌ను అనుమానించాం.

సంక్రాంతి అయిన మర్నాడు తప్పకుండా మేడెక్కండి. మాంజా యాంటెన్నాకు చుట్టుకుని, గాలికి కేబుల్ మీది టేప్‌ను కోస్తుంది. జూన్‌లో వాన మొదలయ్యాక ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా నుంచి పవర్ ఎంత వెనక్కి వస్తోందో చెప్పే కొలత) పెరిగితే జనవరి మాంజాయే కారణమని ఎవరికి తడుతుంది? కనెక్టర్ల మీద సెల్ఫ్ బాండింగ్ టేపు, దాని మీద మామూలు టేపు కింది నుంచి పైకి చుట్టండి, పెంకుల మీద నీళ్లు జారినట్టు జారిపోవాలి. కేబుల్ గదిలోకి వచ్చేముందు ఒక వంపు కిందికి వేలాడదీస్తే నీరు అక్కడే కారిపోతుంది.

అట్ట బైండు పుస్తకం ఒకటి కొని ఆ గదిలోనే ఉంచు. అంతా బాగా పనిచేస్తున్న మొదటి రోజున ఎంత పవర్ వెళ్తోంది, ఎంత తిరిగి వస్తోంది, బ్యాటరీ ఎన్ని వోల్టులు, రిసీవర్ ఎంత సన్నటి సిగ్నల్ పడుతోంది, అన్నీ రాయి. పాడైన రోజున దేనితో పోల్చాలో అప్పుడే తెలుస్తుంది.

నా బీరువాలో వాట్ మీటర్, డమ్మీ లోడ్ ఉన్నాయి. ఆదివారం పొద్దున ఎండ ఎక్కకముందే వస్తాను. నిచ్చెన పట్టుకోవడానికి ఒక మనిషిని చూడు, నా మోకాళ్లు ఇప్పుడు రెండో మెట్టు దాటనివ్వవు. అత్తయ్య సకినాలు పంపుతోంది, మీటర్ల పెట్టెలోనే పెడుతుందట, చూసి తెరువు.

73 (హ్యామ్‌ల భాషలో శుభాకాంక్షలు),
మామయ్య