ఈయోస్, అరోరా, మన ఉష

ప్రశ్న: మేష్టారూ, మాది అరసవల్లి. గుళ్లో సూర్యనారాయణమూర్తి పక్కన ఉషాదేవి ఉందని మా మనవరాలికి ఆ పేరే పెట్టుకున్నాం. గ్రీకుల ఈయోస్, రోమన్ల అరోరా, మన ఉష, ముగ్గురిదీ ఒకటే పేరని మా అల్లుడు అంటున్నాడు. ఒక్క అక్షరమైనా కలవదే! నిజమేనా?
- ఒక పాఠకురాలు, శ్రీకాకుళం

జవాబు: నిజమేనమ్మా. ముగ్గురూ తెల్లవారుజాము దేవతలే. అర్థం కలిస్తే చాలదు, శబ్దం కూడా లెక్క ప్రకారం కలవాలంటారా? కలుస్తుంది. రెండు అచ్చుల మధ్య చిక్కిన 'స' రోమన్ల భాష లాటిన్‌లో 'ర' అయిపోతుంది, గ్రీకులో ఎగిరిపోతుంది. సంస్కృతం 'జనసః' అన్నచోట లాటిన్ 'గెనెరిస్' అంటుంది, గ్రీకు 'గెనెఓస్' అంటుంది. దేవత పేరులోనూ జరిగింది ఇదే. లాటిన్ ఉచ్చారణ అసలు 'ఔరోరా'. అందులోని రెండు 'ర'లూ ఒకప్పటి 'స'లే. (పంజాబీల ఇంటిపేరు అరోరాకీ దీనికీ చుట్టరికం లేదు.) గ్రీకులో మొదటి 'స' పోయింది, చివరిది నిలిచింది. ప్రాచీన గ్రీకు కవి హోమర్ భాషలో 'ఏఓస్' (మీ అల్లుడుగారి ఈయోస్) అయినా, లెస్బోస్ దీవి కవయిత్రి సాఫో మాండలికంలో 'ఔఓస్'. ఆ 'ఔ' చూస్తే ఔరోరా గుర్తు రావడం లేదూ?

ఐరోపాలోని లిథువేనియాలో వేకువను ఇప్పటికీ 'ఔష్రా' అంటారు, అదీ ఈ పేర్లకు చుట్టమే. రష్యా జారు ప్రభుత్వం వాళ్ల భాషను లాటిన్ లిపిలో అచ్చు వేయకూడదని నిషేధించిన రోజుల్లో, 1883లో ఆ పేరుతోనే పత్రిక పెట్టారు. సరిహద్దు అవతల జర్మన్ గడ్డ మీద అచ్చువేసి దొంగచాటుగా దేశంలోకి తెచ్చేవారు. నాకు భలే ఇష్టమైన సంగతి ఇది.

అలాగని గ్రీకులు మన దగ్గర ఎత్తుకుపోయారని మాత్రం అల్లుడుగారితో వాదించకండి, ఓడిపోతారు. వేదానికీ హోమర్‌కీ కూడా ముందున్న ఒక మూలభాష నుంచి ఎవరి వాటా వాళ్లకు వచ్చింది.

పేరు ఒకటే అయినా వరసలు వేరు. ప్రాచీన గ్రీకు కవి హెసియడ్ చెప్పిన ప్రకారం ఈయోస్ సూర్యుడికి తోబుట్టువు. ఋగ్వేదంలో ఉష ద్యులోకపు కూతురు. మొదటి మండలం 115వ సూక్తంలోనైతే, పడుచువాడు పిల్ల వెంటపడ్డట్టు సూర్యుడు ఆమె వెనకాలే వస్తుంటాడు. మీ అరసవల్లికి వచ్చేసరికి పెళ్లయిపోయింది. పైగా పద్మ, ఛాయ కూడా ఉన్నారు.