టీడీ వేయించుకున్నాను, మళ్ళీ టీడాప్ ఎందుకు?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. నా వయసు 28. ఇది రెండో కాన్పు, 25 వారాలు నడుస్తున్నాయి. పెద్దవాడికి పోయిన నెలే రెండేళ్ళు నిండాయి. వాడు కడుపులో ఉన్నప్పుడు రెండు టీడీ (ధనుర్వాతం) ఇంజెక్షన్లు తీసుకున్నాను. ఈసారి నాలుగో నెలలో మా ఊరి ఏఎన్ఎం అక్క ఒక్కటే వేసి ఇది చాలంది. ఇప్పుడు ఖమ్మంలో చూపించుకుంటున్న డాక్టరమ్మ వచ్చే నెల టీడాప్, ఫ్లూ టీకా వేయించుకోమని రాశారు. "నేను నలుగుర్ని కన్నాను, ధనుర్వాతం సూది తప్ప ఇంకోటి ఎరగను, ఇన్ని మందులు బిడ్డకు పడతాయా" అంటోంది మా అత్తమ్మ. మా ఆయన ఖర్చు చూసి ఆలోచిస్తున్నారు. ఏడో నెలలో సీమంతం చేసి పురిటికి పుట్టింటికి పంపిస్తారు. నిజంగా అవసరమా? అవసరమైతే ఎప్పుడు?
— పేరు రాయవద్దన్న పాఠకురాలు, ఖమ్మం జిల్లా

జవాబు: అమ్మా, ముందు మీ అత్తగారి మాట దగ్గర మొదలుపెడతాను. ఆమె చెప్పిన ఆ ఒక్క సూది విలువ నాకు బాగా తెలుసు. నేను హౌస్ సర్జన్‌గా ఉన్న రోజుల్లో పిల్లల వార్డు చివర ఒక చీకటి గది ఉండేది. పురిటి ధనుర్వాతం వచ్చిన పసికందుల్ని అందులో ఉంచేవాళ్ళం. కాస్త వెలుతురు పడినా, తలుపు చప్పుడైనా ఆ ఒళ్ళు విల్లులా బిగుసుకుపోయేది. మూడు రోజులు బాగా పాలు తాగిన బిడ్డ ఉన్నట్టుండి చన్ను పట్టడం మానేశాడని తల్లి చెబితే మాకు గుండె జారిపోయేది. బొడ్డు కోసిన కొడవలి నుంచో, బొడ్డు మీద పెట్టిన బూడిద నుంచో వచ్చే జబ్బు అది. తల్లులకు టీకాలు, ఆస్పత్రిలో కాన్పులు పెరిగి, 2015 నాటికి మన దేశం ఆ జబ్బును దాదాపు తరిమేసింది. మీ అత్తగారి తరం ఆ సూది వేయించుకున్నందువల్లే ఈ తరం డాక్టర్లకు ఆ గది తెలియదు. ఈ మాట ఆమెతో చెప్పండి.

ఏఎన్ఎం చెప్పిందీ తప్పు కాదు. కిందటి కాన్పులో రెండు డోసులు పడి మూడేళ్ళు దాటకపోతే ఈసారి ఒక్క బూస్టర్ చాలన్నది ప్రభుత్వ పద్ధతి. టీడీలో ధనుర్వాతానికీ, కంఠసర్పికీ (డిఫ్తీరియా) మందు ఉంటుంది. టీడాప్‌లో ఆ రెండింటితో పాటు కోరింత దగ్గుకు కూడా ఉంటుంది. మీ డాక్టరమ్మ రాసింది ఆ మూడోదాని కోసం.

పెద్దవాళ్ళకు కోరింత దగ్గు వస్తే నెలల తరబడి దగ్గుతారు, అంతే. నెలలోపు బిడ్డకు వస్తే కథ వేరు. చాలాసార్లు దగ్గు కూడా వినపడదు. ఊపిరి ఆగుతుంది, పెదాలు నీలంగా మారతాయి. మన దగ్గర బిడ్డకు దీనికి మొదటి టీకా పడేది ఆరో వారంలో, పెంటావాలెంట్ ఇంజెక్షన్‌తో. అప్పటిదాకా బిడ్డకు సొంత బలం లేదు. మీ ఒంట్లో తయారైన యాంటీబాడీలు (జబ్బుతో పోరాడే రక్షణ పదార్థాలు) మాయ గుండా బిడ్డలోకి వెళ్తేనే ఆ ఆరు వారాలకు ఆసరా. అవి ఎక్కువగా దాటేది చివరి మూడు నెలల్లో. టీకా పడ్డాక మీ ఒంట్లో అవి తయారు కావడానికి రెండు వారాలు పడుతుంది. అందుకే 27 నుంచి 36 వారాల మధ్య వేయించుకోమని మన దేశపు ప్రసూతి వైద్యుల సంఘం ఫాగ్సీ చెబుతుంది. బ్రిటన్‌లో 2012లో కోరింత దగ్గు విజృంభించి పసిపిల్లలు చనిపోతుంటే, ఆ ఏడాది అక్టోబరు నుంచి గర్భిణులందరికీ ఈ టీకా ఇవ్వడం మొదలుపెట్టారు.

బిడ్డకు పడుతుందా అన్న భయానికి జవాబు: ఇందులో బతికున్న క్రిమి లేదు. నాలుగో నెలలో టీడీ పడిందని ఇది మానుకోనక్కర్లేదు. జబ్బ కాస్త ఎక్కువ నొప్పి పుట్టవచ్చు. ఒక రోజు ఒళ్ళు వెచ్చబడితే పారాసెటమాల్ వేసుకోండి. ఇంతకుముందు ఏ టీకాకైనా ఒళ్ళంతా దద్దుర్లు లేచి ఊపిరాడకపోవడం లాంటిది జరిగి ఉంటే మాత్రం ముందే చెప్పాలి.

ఇక ఎప్పుడన్నది. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో టీకాలు తప్పిపోయేది భయం వల్ల కన్నా రెండిళ్ళ మధ్య. అత్తింటి డాక్టరు పుట్టింట్లో వేయించుకోమంటారు, పుట్టింటి డాక్టరు అక్కడే వేసి ఉంటారనుకుంటారు, ఈలోపు తొమ్మిదో నెల వచ్చేస్తుంది. మీరు 28 వారాలు నిండగానే, సీమంతానికి నాలుగు రోజుల ముందు ఖమ్మంలోనే వేయించుకోండి. ప్రైవేటులో వేయించుకున్నా సరే, తేదీ మీ తల్లీబిడ్డల కార్డులో రాయించండి. ఆ కార్డు చీరల పెట్టెలో కాదు, చేతి సంచిలో ఉండాలి.

ఖర్చు సంగతి మీ ఆయన అన్నది నిజమే. టీడీ ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది, టీడాప్ ఇవ్వదు. బయట వెయ్యి రూపాయలు దాటుతుంది. సీమంతం ఖర్చులో ఆ మేరకు తగ్గించుకోగలిగితే వేయించుకోండి అనే నేనంటాను. అప్పు చేయాల్సిన పరిస్థితి అయితే మిమ్మల్ని మీరు నిందించుకోకండి. అప్పుడు మిగిలిన కాపలా గట్టిగా ఉండాలి. దగ్గుతున్నవాళ్ళు ఎవరైనా సరే, మేనత్త అయినా సరే, బిడ్డను ఎత్తుకోకూడదు. మన పెద్దలు పురిటింట్లోకి అందర్నీ రానిచ్చేవారు కాదు, ఆ అలవాటు ఈ విషయంలో మంచిదే. ఆరో వారం ఇంజెక్షన్ ఒక్క రోజు కూడా వాయిదా వేయకండి. ఇంకో మాట మీ ఉత్తరంలో లేదు కానీ నేను అడుగుతాను: పెద్దవాడికి 16 నుంచి 24 నెలల మధ్య పడాల్సిన, కోరింత దగ్గుకు కూడా పనిచేసే డీపీటీ బూస్టర్ పడిందా? చెల్లినో తమ్ముడినో ముందుగా ముద్దు పెట్టుకునేది వాడే. పడకపోతే ఈ వారమే తీసుకెళ్ళండి.

ఫ్లూ టీకా ఏ నెలలోనైనా వేయించుకోవచ్చు, టీడాప్ రోజునే రెండో జబ్బకు వేయించుకున్నా పర్వాలేదు. 2009 మేలో మన దేశంలో తొలి స్వైన్ ఫ్లూ కేసు హైదరాబాద్‌లోనే తేలింది. ఆ ఏడాది ఎనిమిదో నెల గర్భిణి ఒకామె, మామూలు జలుబే అనుకుని నాలుగు రోజులు ఇంట్లో ఉండి, ఊపిరి అందని స్థితిలో మా దగ్గరికి వచ్చింది. తల్లి దక్కింది. బిడ్డ దక్కలేదు. గర్భంతో ఉన్నప్పుడు ఊపిరితిత్తులకు ఫ్లూ ఎందుకంత బరువో ఆమె దగ్గర చూశాను. మీరు వానాకాలంలో ఉంటే దీన్ని ఆలస్యం చేయకండి.

ప్రశ్న: నాకు నాలుగో నెల. పాలకు వెళ్తుంటే వీధి కుక్క పిక్క మీద కరిచింది, రక్తం వచ్చింది. పసుపు, కారం పెట్టాం. కడుపుతో ఉండి కుక్క సూదులు వేయించుకుంటే బిడ్డకు ప్రమాదమని అమ్మ భయపడుతోంది. కాన్పయ్యాక వేయించుకోవచ్చా?
— ఒక సోదరి, తెనాలి

జవాబు: ఈ ఉత్తరం చూసిన గంటలోనే పత్రికవాళ్ళ చేత మీకు ఫోన్ చేయించాను. ఆ సాయంత్రమే మొదటి డోసు పడిందని తెలిసి ఊపిరి పీల్చుకున్నాను. మీ అనుమతితో మిగతావాళ్ళ కోసం ఇక్కడ రాస్తున్నాను. కుక్క కరిస్తే నెలలు లెక్కపెట్టకూడదు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక తల్లిని గానీ, ఆమె కడుపులో బిడ్డను గానీ కాపాడే మందు మా దగ్గర లేదు. రేబిస్ టీకాకూ, రక్తం వచ్చిన గాయం చుట్టూ వేసే, సిద్ధంగా యాంటీబాడీలు ఉన్న ఇమ్యునోగ్లోబ్యులిన్‌కూ గర్భం అడ్డు కాదు, ఏ నెలైనా సరే. పసుపు, కారం, సున్నం ఏవీ పెట్టకండి. సబ్బుతో, పారే నీళ్ళ కింద పావుగంట కడిగి, అదే రోజు ప్రభుత్వాసుపత్రికి వెళ్ళండి. మిగిలిన డోసుల తేదీలు చీటీ మీద రాసిచ్చి ఉంటారు. ఒక్కటీ తప్పించకండమ్మా.

ప్రశ్న: మేముండేది డాలస్‌లో. ఇప్పుడు 27 వారాలు, డెలివరీ డిసెంబరు చివర. ఇక్కడ ఆర్ఎస్‌వీ టీకా కూడా అంటున్నారు, ఇండియాలో మా అక్కలెవరికీ వేయలేదు. బిడ్డను చూసుకోవడానికి అమ్మ నవంబరు 5న విజయవాడ నుంచి బయల్దేరుతోంది. నేనూ, అమ్మా ఏ టీకాలు వేయించుకోవాలి?

జవాబు: ఆర్ఎస్‌వీ అన్నది చలికాలంలో పసిపిల్లల ఊపిరితిత్తుల్ని పట్టే వైరస్. తల్లికి వేసే టీకాకు అమెరికాలో 2023లో అనుమతి వచ్చింది, అందుకే మీ అక్కలకు తెలియదు. అక్కడ సెప్టెంబరు నుంచి జనవరి దాకా, 32 నుంచి 36 వారాల మధ్య ఇస్తారు. మీకు అక్టోబరు చివరికి ఆ సమయం వస్తుంది. మీరు వేయించుకోకపోతే పుట్టాక బిడ్డకే ఇచ్చే యాంటీబాడీ ఇంజెక్షన్ ఉంది. మామూలుగా ఈ రెండింట్లో ఒకటి చాలు, ఏదో డాక్టరుతో ఇప్పుడే తేల్చుకోండి. టీడాప్ మాత్రం మీరిప్పుడే వేయించుకోవచ్చు.

బిడ్డను రోజంతా ఒళ్ళో పెట్టుకునేది అమ్మగారు కాబట్టి ఆమెకూ టీడాప్, ఫ్లూ టీకా కావాలి. పని చేయడానికి రెండు వారాలు పడుతుంది గనుక విజయవాడలోనే అక్టోబరు 20 లోపు వేయించుకోమనండి. ప్రయాణం ముందు రోజు దగ్గు, జ్వరం ఉంటే నాకు పర్వాలేదమ్మా అని బయల్దేరే తల్లులే ఎక్కువ. టికెట్ మార్చుకోవడానికి వీలుందో లేదో ఇప్పుడే చూసిపెట్టండి.