ముందే పెళ్లయిన కూతురికి తాతల ఆస్తిలో వాటా ఉంటుందా?

ప్రశ్న: మా పుట్టిల్లు పాకాల దగ్గర. నాకు 1982లో పెళ్లయింది, నాన్న 2001లో కాలం చేశారు. తాతల నాటి మామిడితోటలో వాటా అడిగితే, పెద్దమనుషుల ముందు ఎప్పుడో నోటిమాటగా పంచుకున్నామని అన్నదమ్ములు అంటున్నారు. నాకు హక్కు లేదా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: ఉందమ్మా. హిందూ వారసత్వ చట్టానికి 1985 నుంచి అమలైన మన రాష్ట్ర సవరణ అప్పటికే పెళ్లయిన కూతుళ్లను పక్కన పెట్టిన మాట నిజమే గానీ, 2005 సెప్టెంబరు 9న అమల్లోకి వచ్చిన కేంద్ర సవరణ ఆ తేడాను తీసేసింది. కూతురి హక్కు పుట్టుకతోనే వస్తుందని, తండ్రి ఆ తేదీకి జీవించి ఉండనక్కర్లేదని వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 11న తేల్చింది. హైకోర్టులైనా, కింది కోర్టులైనా దానికి కట్టుబడవలసిందే. ప్రభుత్వ పత్రాల ఆధారం ఉంటే తప్ప, అదీ అరుదుగానే తప్ప, నోటిమాట పంపకాన్ని ఒప్పుకోరాదని కూడా అదే తీర్పు చెప్పింది. ఎందరో ఆడపడుచుల నోరు మూయించిన వాదన ఇదే కనుక, తీర్పులో ఈ భాగమే నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోస్తుంది.

ముందుగా మీసేవలో 1బి (భూమి ఎవరి పేరున ఉందో చూపే ఖాతా పత్రం), అడంగల్ (సాగు, అనుభవం వివరాల పత్రం), ఈసీ (ఆ భూమిపై జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) తీసుకుని, అన్నదమ్ముల పేర్ల మీద విడివిడి పాసుపుస్తకాలు ఎప్పుడు వచ్చాయో చూడండి. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన పంపకం గానీ అమ్మకం గానీ ఉంటే ఈ సవరణ వాటిని తాకదు. లేకుంటే భాగపంపిణీ దావా వేయవచ్చు. మిమ్మల్ని వాటాకు దూరం పెట్టారని తెలిసిన నాటి నుంచి గడువు 12 ఏళ్లే కనుక ఆలస్యం చేయకండి.