గోడపత్రికలో పంచాయతీ పద్దు

ప్రశ్న: నల్గొండ జిల్లాలో ఒక జడ్పీ హైస్కూల్లో సోషల్ చెప్తాను. తొమ్మిదో తరగతి పిల్లలతో గోడపత్రిక నడిపిస్తున్నాం. ఇన్నాళ్లూ కవితలు, సూక్తులు, పుట్టినరోజు శుభాకాంక్షలతోనే సరిపోయింది. ఈసారి ఊరి లెక్కలతో వార్తలు రాయించాలని ఉంది. బడిలో పనిచేసే కంప్యూటర్లు రెండే. ‘రాజకీయం అవుతుంది, మనకెందుకు సార్’ అని మా హెచ్చెమ్ గారి భయం. ఎక్కడ మొదలుపెట్టమంటారు?
(పేరు వద్దన్నారు)

జవాబు: మాస్టారూ, సూక్తులు తీసేస్తున్నందుకు ముందు మీకో దండం. రెండు కంప్యూటర్లంటే ఎక్కువే, మీ ఫోనొక్కటి చాలు.

2020 ఏప్రిల్‌లో కేంద్రం తెచ్చిన ఈ-గ్రామ్‌స్వరాజ్ పోర్టల్ తెరవండి. జిల్లా, మండలం, పంచాయతీ ఎంచుకుంటే ఏడాదివారీగా ఆమోదించిన పనులు, జమలు, చెల్లింపులు వస్తాయి. ఆ పేజీని తేదీ పడేలా స్క్రీన్‌షాట్ తీసి దాచండి. రేపు అంకె మారిందంటే చూపించడానికి మీ దగ్గర అదొక్కటే ఉంటుంది.

మొత్తం పట్టికతో పిల్లల్ని బెదరగొట్టకుండా ఒక్క చెల్లింపు ఎంచుకోండి. నోట్‌బుక్కులో నాలుగు గడులు గీయించండి: పని పేరు, తేదీ, మొత్తం, మేం వెళ్లి చూసింది. మొదటి మూడూ ఫోన్లో చూసి ఎక్కించేవే. నేనైతే మార్కులు నాలుగో గడికే వేస్తాను.

‘బోరు మోటారు మరమ్మతు’ అని ఉందనుకోండి. ఏ బోరు? మోటారు కాలిందెప్పుడు? నీళ్లు వదిలే మనిషిని అడిగితే ఉన్నచోటే చెప్తాడు. ఆ వీధి ఆడవాళ్లనడిగితే ఎన్నాళ్లు బిందెలు మోశారో కూడా చెప్తారు. పంచాయతీ కార్యదర్శి దగ్గరికి చివర్లో పంపండి. ముందే వెళ్తే పిల్లలు ఆయన చెప్పిందే రాసుకొస్తారు, ఇక బోరు దాకా ఎవరూ పోరు. ఆయన మాట మాత్రం వార్తలో తప్పకుండా ఉండాలి.

ఇది మనకు కొత్తేమీ కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుంచి ఉపాధి హామీ పనులకు సామాజిక తనిఖీ జరిగింది. కూలీల ఇళ్లలో కాస్త చదువుకున్న అబ్బాయిలకూ అమ్మాయిలకూ మస్టర్లు (కూలీల హాజరు పట్టీలు) చదవడం నేర్పి, ఆ కాగితాలు చేతికిచ్చి ఇంటింటికీ పంపారు. ‘నీ పేరున ఇన్ని రోజుల కూలి రాశారమ్మా, ముట్టిందా?’ అని అడగడమే వాళ్ల పని. తేలిందంతా గ్రామసభలో చదివి, మండల స్థాయిలో ప్రజావేదిక పెట్టి అధికారుల ముందే తేల్చేవారు. డేటా జర్నలిజం, అంటే అంకెల్ని పట్టుకుని వార్త రాయడం, పేరిట ఇప్పుడు వర్క్‌షాపుల్లో స్లైడ్లేసి చెప్తున్నదాంట్లో సగం పైగా మన కూలీల పిల్లలు అప్పుడే చేసేశారని నా అభిప్రాయం.

ఇక హెచ్చెమ్ గారి భయం. అందులోనూ న్యాయముంది, సగం తెలిసిన అంకెతో ఊళ్లో గొడవలు లేస్తాయి. మీ పిల్లలు 2024 నుంచి 2025 చివరిదాకా పద్దు చూసి, ఆర్థిక సంఘం (కేంద్ర నిధుల పంపకం సూచించే సంఘం) డబ్బులు కనబడక, ఎవరో మింగేశారని రాయొచ్చు. నిజానికి సర్పంచుల గడువు అయిపోయి 2024 ఫిబ్రవరి నుంచి ప్రత్యేకాధికారుల పాలన నడిచింది. ఎన్నికైన పాలకవర్గాలు లేక కేంద్రం గ్రాంట్లు ఆపేసింది. ఎన్నికలు 2025 డిసెంబరులో గాని కాలేదు. అలాగే ‘ఇంత డబ్బొస్తే మా వీధికి సీసీ రోడ్డేదీ?’ అనడం సులువు. 15వ ఆర్థిక సంఘం గ్రాంట్లలో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికి పోవాల్సిందే. ముందు ఈ సంగతి చెప్పి, ఆ తర్వాతే ప్రశ్న రాయించండి.

వార్తకు మూడు వాక్యాలు చాలు: పద్దులో ఇలా ఉంది, మేం చూస్తే ఇలా ఉంది, కార్యదర్శి ఇలా అన్నారు. ‘అవినీతి’ అన్న మాట గోడెక్కనివ్వకండి. పింఛనుదారుల పేర్లు, ఎవరి కార్డు నంబర్లూ వేయొద్దు.

పోర్టల్లో దొరకని కాగితం సమాచార హక్కు కింద అడగొచ్చు. గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండలంలో 5 రూపాయలు, ఆ పైన 10. జవాబుకి గడువు 30 రోజులు. దరఖాస్తు మీరు కాకుండా ఎవరైనా పిల్లల తండ్రో తల్లో పెడితే హెచ్చెమ్ గారు కాస్త నిద్రపోతారు.

ప్రశ్న: విజయనగరంలో డిగ్రీ ఫైనలియర్ చదువుతున్నాను. డేటా జర్నలిజం చేయాలంటే పైథాన్ రావాలా మేడమ్?

జవాబు: పైథాన్ అంటే కంప్యూటర్ ప్రోగ్రాములు రాసే భాష, ఇప్పుడే అక్కర్లేదమ్మా. గూగుల్ షీట్స్‌లో సార్ట్, ఫిల్టర్, పివట్ టేబుల్ (వరుసల్ని గుంపులుగా కూడి చూపే పట్టిక) చేతికి అలవాటైతే ఏడాది పాటు వార్తలు రాసుకోవచ్చు. అంతకన్నా కష్టమైంది కింద ఏ అంకెతో భాగించాలో తెలియడం. మీ జిల్లానే తీసుకో. 2011 జనగణనలో విజయనగరం జిల్లా జనాభా 23.44 లక్షలు. ఆ విజయనగరంలో పార్వతీపురం ఉంది, రాజాం లేదు. 2022 ఏప్రిల్‌లో పార్వతీపురం మన్యం విడిపోయింది, రాజాం శ్రీకాకుళం నుంచి మీకొచ్చింది. ఇప్పటి జిల్లాలో, డెంగీ అనుకో, కేసుల సంఖ్యని పాత జనాభాతో భాగిస్తే రేటు తగ్గి కనిపిస్తుంది, కలెక్టరాఫీసు సంతోషిస్తుంది. మండలాలవారీ జనాభా తెచ్చుకుని ఇప్పటి జిల్లాను నువ్వే కూడుకోవాలి. 2021లో జరగాల్సిన జనగణన వాయిదాలు పడీ పడీ జనాభా లెక్కింపు 2027 ఫిబ్రవరికి వెళ్లింది కాబట్టి అందాకా ఈ కూడికలు తప్పవు.

ఇంకొకటి. రెండు శాఖల పట్టికలు కలిపేటప్పుడు ఊళ్లను పేరుతో జత చేయకు. కొత్తపల్లులు లెక్కలేనన్ని, పైగా ఇంగ్లీషులో ఒక్కో శాఖ ఒక్కో స్పెల్లింగు రాస్తుంది. ప్రతి గ్రామానికీ లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీ కోడ్ అని ఒక ప్రత్యేక నంబరు ఉంటుంది, జత దాంతో కలుపు. పైథాన్ సంగతి వేల వరుసలు వచ్చిపడ్డప్పుడు చూద్దాం.

ప్రశ్న: మండల కంట్రిబ్యూటర్ని. కష్టపడి గ్రాఫ్ గీసి పంపితే డెస్క్ వాళ్లు పక్కన పడేస్తున్నారు. ఏం చేయాలి?

జవాబు: ఆ డెస్కులోనే చాలా ఏళ్లు కూర్చున్నదాన్ని, వాళ్ల తరఫున చెప్తాను. రాత్రి పేజీ పెట్టే వేళకి గ్రాఫులో తప్పుందో లేదో చూసే తీరిక ఎవరికీ ఉండదు, అనుమానమొస్తే తీసేస్తారు. మధ్యాహ్నమే పంపండి. గ్రాఫుతో పాటు అంకెల షీటు, అవి ఏ పేజీ నుంచి ఏ తేదీన తీశారో జతచేయండి. గ్రాఫులో అంకెల నిలువు గీత సున్నా దగ్గర మొదలవ్వాలి. బడిలో ఇద్దరు పిల్లలు నలుగురైతే ‘వంద శాతం పెరుగుదల’ అని రాయకండి, నలుగురనే రాయండి. మొదటి పేరాలో మాత్రం అంకె వద్దు, ఆ బడి ముందు నిలబడి మాట్లాడిన తల్లి మాట పెట్టండి. అప్పుడూ వేయకపోతే జోన్ పేజీ ఇన్‌ఛార్జికి ఫోన్ చేసి, కాస్త గట్టిగానే, కారణం అడగండి.